సరిహద్దు ద్వారాలు – విదేశీ సహాయం: భారత–నేపాల్ సమీకృత తనిఖీ కేంద్రాల పరిశీలన

వ్యాస సంగ్రహం:

రెండు దేశాల మధ్య రాకపోకలు సాగే సరిహద్దు ద్వారాలను ఆధునికీకరించడానికి విదేశీ సహాయం ఒక ముఖ్య సాధనంగా మారింది. ఇటువంటి సహాయాన్ని చర్చించే రచనల్లో భారతదేశం సాధారణంగా గ్రహీతగానే కనిపిస్తుంది. నేపాల్ సరిహద్దులో మాత్రం భారతదేశమే దాత. రక్సౌల్–బీర్‌గంజ్, జోగ్‌బనీ–విరాట్‌నగర్ మొదలైన చోట్ల నిర్మితమైన సమీకృత తనిఖీ కేంద్రాలను ఆధారం చేసుకొని, సహాయధనం సరిహద్దులో ఏ సమస్యను తీర్చగలదో, దేనిని తీర్చలేదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కట్టడం, కార్యవిధానం, పరస్పర విశ్వాసం అనే మూడు అంశాలలో మొదటిది సహాయంతో సమకూరుతుందనీ, రెండవది ఆలస్యంగా సమకూరుతుందనీ, మూడవది ధనంతో సమకూరేది కాదనీ ఈ పరిశీలన సూచిస్తుంది.

కీలక పదాలు: సరిహద్దు నిర్వహణ, సమీకృత తనిఖీ కేంద్రం, విదేశీ సహాయం, ట్రాన్సిట్, భారత–నేపాల్ సంబంధాలు, విశాఖపట్నం ఓడరేవు.

1. ఉపోద్ఘాతం:

సరిహద్దు ద్వారానికి పరస్పర విరుద్ధమైన రెండు బాధ్యతలు ఉన్నాయి. రావలసిన సరుకును, మనిషిని త్వరగా పంపించాలి, రాకూడనిదాన్ని ఆపాలి. మొదటిదానికి వేగం కావాలి, రెండవదానికి నిదానం కావాలి. ఈ రెండింటినీ ఒకేచోట సాధించడానికి విశాలమైన స్థలం, యంత్రాలు, శిక్షణ పొందిన సిబ్బంది అవసరం. చిన్న దేశాలకు, ముఖ్యంగా సముద్రతీరం లేని దేశాలకు, ఈ వ్యయం భారమవుతుంది. అక్కడే విదేశీ సహాయం ప్రవేశిస్తుంది.

సముద్రతీరం లేని దేశాలకు సముద్రాన్ని చేరుకునే హక్కు ఉందని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడిక గుర్తించింది. అయితే ఆ హక్కు ఆచరణలో ఏ రూపం ధరించాలో పొరుగు దేశంతో కుదిరే ఒప్పందాలే నిర్ణయిస్తాయి. నేపాల్ విషయంలో ఆ పొరుగుదేశం ప్రధానంగా భారతదేశం. నేపాల్ విదేశీ వాణిజ్యంలో దాదాపు మూడింట రెండు వంతులు భారతదేశంతోనే జరుగుతోంది. ఇతర దేశాల నుండి ఓడల్లో వచ్చే సరుకు కూడా చాలావరకు భారత ఓడరేవుల గుండానే చేరుతుంది. అందువల్ల సరిహద్దులో ఒక లారీ ఎంతసేపు ఆగిందన్నది కాఠ్మాండూలోని వంటింటి ఖర్చును ప్రభావితం చేసే విషయం.

2. తెరిచి ఉన్న సరిహద్దు – చారిత్రక నేపథ్యం:

భారత–నేపాల్ సరిహద్దు పొడవు 1,751 కిలోమీటర్లు. ఉత్తరాఖండ్, ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్, సిక్కిం రాష్ట్రాలు దీనిని ఆనుకొని ఉన్నాయి. 1816లో అమలులోకి వచ్చిన సుగౌలీ సంధి ఈ సరిహద్దు రేఖకు పునాది వేసింది. 1950 జూలై 31న కుదిరిన శాంతి మైత్రీ ఒప్పందం, ఒక దేశ పౌరులు మరొక దేశంలో నివసించడానికి, వ్యాపారం చేయడానికి, సంచరించడానికి వెసులుబాటు కల్పించింది. నేటికీ ఈ రెండు దేశాల పౌరులు వీసా లేకుండానే భూమార్గాన సరిహద్దు దాటవచ్చు. మూడవ దేశాలవారు మాత్రం నిర్దేశించిన ద్వారాల గుండానే ప్రయాణించాలి.

సరిహద్దు స్తంభాల వెంబడి ఖాళీగా వదిలే భూమిని స్థానికులు ‘దశ్‌గజా’ అంటారు. దానికి ఇరువైపులా ఒకే భాష మాట్లాడే, పెళ్లి సంబంధాలు కలుపుకునే కుటుంబాలు ఉన్నాయి. ఒక ఊరి రైతు రెండవ ఊరి సంతకు వెళ్లడాన్ని విదేశీయానంగా భావించడు. ఈ సామాజిక వాస్తవాన్ని పక్కన పెడితే ఇక్కడి భద్రతా సమస్య అర్థం కాదు. కంచె లేని సరిహద్దులో ద్వారం నిర్మించినప్పుడు, ఆ ద్వారం దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు అన్నది తొలి ప్రశ్న అవుతుంది.

3. సమీకృత తనిఖీ కేంద్రాల స్వరూపం:

నేపాల్‌కు చేరే సరుకులో అధికభాగం బీహార్‌లోని రక్సౌల్ గుండా వెళ్తుంది. పూర్వం ఈ లారీలు పట్టణం నడిమధ్యనున్న ఇరుకు రహదారిలో, రైల్వే గేటు వద్ద, వంతెన వద్ద ఆగుతూ కదిలేవి. కస్టమ్స్ కార్యాలయం, క్వారంటైన్, బ్యాంకు, భద్రతా సిబ్బంది వేర్వేరు చోట్ల ఉండటం వల్ల ఒకే సరుకు కాగితాలు అనేక గుమ్మాలు ఎక్కవలసి వచ్చేది.

ఈ పరిస్థితిని మార్చడానికి 2005లో ఇరు ప్రభుత్వాల మధ్య అవగాహన కుదిరింది. రక్సౌల్–బీర్‌గంజ్, జోగ్‌బనీ–విరాట్‌నగర్, సునౌలీ–భైరహవా, రుపైదిహా–నేపాల్‌గంజ్ అనే నాలుగు చోట్ల, సరిహద్దుకు ఇరువైపులా జంట కేంద్రాలు నిర్మించాలన్నది ప్రణాళిక. భారతదేశం వైపు కేంద్రాల నిర్వహణ కోసం 2010 నాటి చట్టం ప్రకారం 2012 మార్చి 1న భారత భూ ఓడరేవుల ప్రాధికార సంస్థ ఏర్పడింది. నేపాల్ వైపు కేంద్రాలకు భూమిని నేపాల్ ప్రభుత్వం సమకూర్చగా, నిర్మాణ వ్యయాన్ని భారతదేశం గ్రాంటు రూపంలో భరించింది.

ప్రణాళికకు, ప్రారంభానికి మధ్య చాలా కాలం గడిచింది. రక్సౌల్, జోగ్‌బనీ కేంద్రాలు 2016లో పని ప్రారంభించాయి. బీర్‌గంజ్ కేంద్రం 2018 ఏప్రిల్‌లో, విరాట్‌నగర్ కేంద్రం 2020 జనవరి 21న, నేపాల్‌గంజ్ కేంద్రం 2023 జూన్ 1న ప్రారంభమయ్యాయి. నాలుగవదైన భైరహవా కేంద్రానికి అదే 2023లో భూమిపూజ జరిగింది. విరాట్‌నగర్ కేంద్రం 140 కోట్ల రూపాయల వ్యయంతో, 260 ఎకరాల విస్తీర్ణంలో, రోజుకు 500 లారీలను పంపగల సామర్థ్యంతో రూపొందింది.

సమీకృత కేంద్రంలో లారీ ఒకే ప్రాకారంలోకి ప్రవేశిస్తుంది. వేబ్రిడ్జి మీద తూకం, పార్కింగ్, కస్టమ్స్ తనిఖీ, మొక్కల–పశువుల క్వారంటైన్, గిడ్డంగి, సుంకం చెల్లింపు అక్కడే పూర్తవుతాయి. తరువాత లారీ పట్టణాన్ని తాకకుండా ప్రత్యేక రహదారి గుండా అవతలి కేంద్రానికి చేరుతుంది. తనిఖీ ఒకేచోట జరగడం వల్ల నిఘా సులభమవుతుంది. వరుస తగ్గడం వల్ల వేగమూ పెరుగుతుంది. ఉపోద్ఘాతంలో పేర్కొన్న విరుద్ధ బాధ్యతలను స్థలవిన్యాసం ద్వారా కొంతవరకు సమన్వయించే ప్రయత్నమిది.

4. విశాఖపట్నం నుండి బీర్‌గంజ్ వరకు:

సరిహద్దు ద్వారం సామర్థ్యం దానికి చేరే మార్గంపై ఆధారపడుతుంది. బీర్‌గంజ్ సమీపంలోని సిర్సియా వద్ద ప్రపంచ బ్యాంకు సహాయంతో నిర్మించిన రైలు ఆధారిత డ్రైపోర్టు 2004లో పని ప్రారంభించింది. దీనితో కలకత్తా నుండి కంటైనర్లు నేరుగా రైలులో నేపాల్ గడ్డ మీదికి చేరే అవకాశం కలిగింది. కాని కలకత్తా, హల్దియా రెండూ హుగ్లీ నది మీది రేవులు. నదిలో నీటిలోతు పరిమితం కనుక పెద్ద కంటైనర్ ఓడలు నేరుగా రాలేవు. సరుకు తరచుగా కొలంబో, సింగపూర్ వంటి రేవులలో ఓడ మారవలసి వచ్చేది.

ఈ పరిమితి నుండి బయటపడే మార్గం ఆంధ్రప్రదేశ్ తీరంలో దొరికింది. 2016 ఫిబ్రవరిలో విశాఖపట్నం ఓడరేవును నేపాల్ ట్రాన్సిట్ కోసం వినియోగించుకునేందుకు ఇరు ప్రభుత్వాలు లేఖలు మార్చుకున్నాయి. కలకత్తా నుండి సరిహద్దు సుమారు 700 కిలోమీటర్లు కాగా, విశాఖ నుండి దాదాపు దానికి రెట్టింపు దూరం. అయినప్పటికీ లోతైన సహజ రేవు కావడం, పెద్ద ఓడలను నిలపగలగడం విశాఖకు అనుకూలించాయి.

దూరం పెరిగినకొద్దీ మార్గమధ్యంలో సరుకు పక్కదారి పట్టే భయం పెరుగుతుంది. దీనికి పరిష్కారంగా ఎలక్ట్రానిక్ కార్గో ట్రాకింగ్ విధానం వచ్చింది. కంటైనర్‌కు ఎలక్ట్రానిక్ సీలు వేస్తారు. సీలు తెగినా, నిర్దేశించిన మార్గం తప్పినా అధికారులకు హెచ్చరిక అందుతుంది. దీనివల్ల రేవులోను, సరిహద్దులోను ఒకే పత్రాలను పదేపదే పరిశీలించవలసిన అవసరం తగ్గింది. సరిహద్దు భద్రత సరిహద్దు రేఖ దగ్గరే ఉండాలన్న సంప్రదాయ భావనను ఈ విధానం సవరిస్తుంది. రేవులోనే మొదలయ్యే భద్రత ద్వారం దగ్గర నిరీక్షణను తగ్గిస్తుంది.

5. భద్రత: ద్వారం పరిధి, పరిమితి:

సమీకృత కేంద్రాలు ప్రధానంగా సరుకు రవాణాకు ఉద్దేశించినవి. తెరిచి ఉన్న సరిహద్దులో మనుషుల రాకపోకలు వందలాది కాలిబాటల గుండా సాగుతాయి. ఈ బాటల కాపలాకు భారతదేశం 2001 నుండి సశస్త్ర సీమా బల్‌ను నియోగించింది. అదే సంవత్సరంలో నేపాల్ సాయుధ పోలీసు దళం ఏర్పడింది. దొంగనోట్లు, మాదకద్రవ్యాల రవాణాతోపాటు మానవ అక్రమ రవాణా ఈ సరిహద్దులో తీవ్రమైన సమస్య. పని ఆశచూపి తీసుకువెళ్లే బాలికలను, యువతులను గుర్తించడంలో యంత్రాల కంటె మాటలు ఎక్కువ ఉపకరిస్తాయి. మైతీ నేపాల్ వంటి స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు ద్వారాల వద్ద నిలబడి, అనుమానం కలిగినప్పుడు ప్రయాణికులను విడివిడిగా ప్రశ్నించి ఎందరినో కాపాడారు. కోట్ల రూపాయల స్కానర్ చేయలేని పని ఇది.

2020లో కరోనా కాలం మరొక వాస్తవాన్ని వెల్లడించింది. మార్చిలో ఇరు దేశాలూ మనుషుల రాకపోకలను నిలిపివేశాయి. నిత్యావసర సరుకు మాత్రం ద్వారాల గుండా కదిలింది. స్వదేశానికి తిరిగివస్తున్న నేపాలీ వలస కార్మికులు సరిహద్దులో చిక్కుకుపోయారు. ధార్చులా ప్రాంతంలో కొందరు మహాకాళీ నదిని ఈది అవతలి ఒడ్డుకు చేరేందుకు ప్రయత్నించారు. లారీకి ఉన్న ఏర్పాటు కూలీకి లేదన్నది ఈ ఘటనలు నేర్పే పాఠం. సరిహద్దు సహాయానికి వాణిజ్యమే కొలమానమైనప్పుడు ఇటువంటి ఖాళీ మిగులుతుంది.

6. కట్టడానికి మించిన సమస్య – కార్యవిధానం:

2019 జూన్‌లో భారతదేశం నుండి వచ్చే కూరగాయలు, పండ్లలో పురుగుమందుల అవశేషాలను పరీక్షించాలని నేపాల్ ప్రభుత్వం నిర్ణయించింది. ప్రజారోగ్యం దృష్ట్యా నిర్ణయం సమంజసమైనదే. కాని సరిహద్దు ద్వారాల వద్ద తగిన ప్రయోగశాలలు లేవు. లారీలు బారులు తీరాయి. సరుకు కుళ్లిపోవడం మొదలైంది. ఈ విషయమై భారత రాయబార కార్యాలయం రాసిన లేఖ వెలుగులోకి రావడంతో కాఠ్మాండూలో రాజకీయ వివాదం చెలరేగింది. కొద్ది వారాలలోనే ప్రభుత్వం తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది.

ఈ ఉదంతం రెండు విషయాలను స్పష్టం చేస్తుంది. మొదటిది, ఆవరణ, రహదారి, గిడ్డంగి ఉన్నంత మాత్రాన ద్వారం పూర్తి కాదు. పరీక్షించగల ప్రయోగశాల, అందులో పనిచేసే నిపుణుడు, ఒకరి పరీక్షా ఫలితాన్ని మరొకరు అంగీకరించే ఒప్పందం అవసరం. రెండవది, దాత దేశమే ఎగుమతి దేశం కూడా అయినప్పుడు, గ్రహీత చేసే తనిఖీ సాంకేతిక విషయంగా మిగలదు. కస్టమ్స్ కంప్యూటర్ వ్యవస్థలలోనూ ఇదే చిక్కు ఉంది. నేపాల్ ఐక్యరాజ్యసమితి వాణిజ్య అభివృద్ధి సంస్థ రూపొందించిన ‘అసికుడా’ను వాడుతుండగా, భారతదేశానిది సొంత వ్యవస్థ. భవనాలు జంటగా లేచినంత సులభంగా సమాచార వ్యవస్థలు జత కుదరవు.

7. దాత పొరుగువాడైనప్పుడు:

సహాయం సుదూర దేశం నుండి వచ్చినప్పుడు ఎదురయ్యే సమస్య వేరు. తజికిస్తాన్–అఫ్ఘానిస్తాన్‌ల మధ్య పంజ్ నదిపై ప్రధానంగా అమెరికా నిధులతో నిర్మించిన వంతెన 2007 ఆగస్టులో ప్రారంభమైంది. 2021 జూన్‌లో అఫ్ఘాన్ వైపునున్న షేర్‌ఖాన్ బందర్ తాలిబాన్ వశమైంది. వంతెన చెక్కుచెదరలేదు, దాని అవతలి కొసలో అధికారం మారింది. నిధులిచ్చిన దేశానికి ఆ కొసపై పట్టు లేకపోయింది.

నేపాల్‌లో పరిస్థితి దీనికి భిన్నం. ఇక్కడ దాతకు ద్వారంలో సగభాగంపై పూర్తి పట్టు ఉంది. జంట కేంద్రాల సమన్వయానికి ఇది మేలు చేసింది. అదే సమయంలో గ్రహీతకు ఆందోళన కూడా కలిగించింది. 1989లో వాణిజ్య, ట్రాన్సిట్ ఒప్పందాల గడువు ముగిసినప్పుడు భారతదేశం 21 ద్వారాలలో రెండింటిని మాత్రమే తెరిచి ఉంచింది. 2015 సెప్టెంబరులో నేపాల్ నూతన రాజ్యాంగం వెలువడిన తరువాత నెలల తరబడి సరుకు నిలిచిపోయింది. ఇది అప్రకటిత దిగ్బంధమని నేపాల్ ఆరోపించింది. నేపాల్ వైపు మధేసీ ఆందోళన వల్లనే లారీలు కదలలేదని భారతదేశం వివరించింది. కారణంపై భేదాభిప్రాయం ఉన్నా, భూకంపం నుండి తేరుకోని ప్రజలు వంటగ్యాసు, ఇంధనం, మందులు దొరకక అవస్థపడ్డారన్నది నిర్వివాదం.

దాని పర్యవసానం 2016 మార్చిలో చైనాతో కుదిరిన ట్రాన్సిట్ ఒప్పందం. 2019లో దాని అమలు నియమావళిపై సంతకాలు జరిగి, నాలుగు చైనా ఓడరేవులను వాడుకునే అవకాశం నేపాల్‌కు లభించింది. అయితే ఆ రేవులు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. హిమాలయ ద్వారాలు ప్రకృతికి లోబడినవి: 2015 భూకంపం తాతోపానీ ద్వారాన్ని ఏళ్ల తరబడి మూయించింది, 2025 జూలై వరద రసువాగఢీ మైత్రీ వంతెనను కొట్టుకుపోయింది. కనుక ఉత్తర మార్గం దక్షిణ మార్గానికి ప్రత్యామ్నాయం కాలేకపోయినా, బేరమాడే శక్తిని మాత్రం పెంచింది. మరోవైపు, 2019 సెప్టెంబరులో ప్రారంభమైన 69 కిలోమీటర్ల మోతీహారీ–అమ్లేఖ్‌గంజ్ పెట్రోలియం పైపులైను ఇంధనాన్ని లారీల వరుస నుండి తప్పించింది. 2023 జూన్‌లో ట్రాన్సిట్ ఒప్పందం నవీకరణ పొందింది. ఒప్పందం గడువు ముగియడమే 1989లో సంక్షోభానికి దారితీసిన సంగతిని గుర్తుచేసుకుంటే, ఈ నవీకరణ విలువ ఏ భవనానికీ తీసిపోదు.

8. ముగింపు:

పై పరిశీలన నుండి కొన్ని నిర్ధారణలకు రావచ్చు.

• విదేశీ సహాయం కట్టడాల లోటును తీర్చగలదు. అయితే భూమి సమకూర్చడం వంటి స్థానిక బాధ్యతల వల్ల నిర్మాణానికి దశాబ్దం మించిన కాలం పట్టవచ్చు.

• ప్రయోగశాలలు, సమాచార వ్యవస్థలు, పరీక్షా ఫలితాల పరస్పర గుర్తింపు లేని ద్వారం సగం ద్వారమే. సహాయ ప్రణాళికలో వీటికి మొదటి నుండే చోటు ఉండాలి.

• సరుకు కోసం నిర్మించిన ఏర్పాటు మనుషుల భద్రతను దానంతటదే కల్పించదు. వలస కార్మికులు, అక్రమ రవాణా బాధితుల అవసరాలకు ప్రత్యేక ఏర్పాట్లు కావాలి.

• దాత పొరుగుదేశమే అయినప్పుడు, ద్వారం రాజకీయ ఒత్తిడికి సాధనం కాదనే భరోసా సహాయంలో భాగం కావాలి. దీర్ఘకాలిక ఒప్పందాలు, సకాలంలో వాటి నవీకరణ ఆ భరోసాకు ఆధారాలు.

రక్సౌల్‌లో తెరుచుకునే గేటుకు విశాఖ రేవులో దిగే కంటైనర్‌తో సంబంధం ఏర్పడిన నేటి పరిస్థితిలో, ఈ అంశం ఉత్తర భారతానికి మాత్రమే పరిమితం కాదు. ఓడరేవుల ఆర్థిక వ్యవస్థను, అంతర్జాతీయ సంబంధాలను అధ్యయనం చేసే తెలుగు పరిశోధకులకు ఇది విస్తృతమైన పరిశోధనాక్షేత్రం. గేటు కట్టిన దేశం ఏదైనా, అది రేపు కూడా తెరిచే ఉంటుందని ఇరువైపుల వారూ నమ్మగలిగినప్పుడే ఆ సహాయం సార్థకమవుతుంది.