రసీదు చేతిలో ఉంటే చాలా?

క్రైమ్ థ్రిల్లర్ అనగానే మనకి చప్పున గుర్తొచ్చేవి హత్య, రక్తపు మరక, డిటెక్టివ్. 2020లో వచ్చిన హిందీ సీరియల్ ‘స్కామ్ 1992’లో మాత్రం కథని నడిపించేవి కత్తులు కావు, కాగితాలు. ఆ కాగితాల వెంటపడ్డ విలేకరి పాత్ర వేసింది మన తెలుగమ్మాయి శ్రేయా ధన్వంతరి. ఆ పాత్రకి మూలమైన మనిషి సుచేతా దలాల్.

1992 ఏప్రిల్ 23న టైమ్స్ ఆఫ్ ఇండియాలో సుచేత ఒక వార్త రాసింది. స్టేట్ బ్యాంకు లెక్కల్లో సుమారు 500 కోట్లు తేడా వచ్చిందనీ, ఆ సొమ్ము సర్దమని ఓ పెద్ద బ్రోకరుని అడుగుతున్నారనీ దాని సారాంశం. ఆ బ్రోకరే హర్షద్ మెహతా.

మోసం ఎలా జరిగిందో ఇంటి భాషలో చెప్పుకుందాం. పక్కింటావిడ దగ్గర గాజులు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నామనుకోండి. గాజులు ఇవ్వకుండా, ‘నా బీరువాలో ఉన్నాయి’ అని చీటీ రాసిచ్చాం. ఉంటే సరే, అసలు గాజులే లేకపోతే? ఆనాడు బ్యాంకుల మధ్య నడిచినవి అలాంటి చీటీలే. వాటిని బ్యాంకు రసీదులు అనేవారు. కొన్ని రసీదుల వెనక ప్రభుత్వ బాండ్లే లేవు. ఆ డబ్బు షేర్లలోకి మళ్ళింది. రిజర్వు బ్యాంకు నియమించిన జానకిరామన్ కమిటీ లెక్క వేస్తే తేడా 4,000 కోట్లు దాటింది.

బొంబాయి గొడవ మనకెందుకంటారా? విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన అగ్రిగోల్డ్ సంగతి గుర్తు చేసుకోండి. ఈడీ చెప్పిన లెక్క ప్రకారం సుమారు 32 లక్షల మంది దగ్గర 6,380 కోట్లు వసూలైంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోనూ ఎందరో డబ్బు కట్టారు. ప్రభుత్వం 2019లో పదివేల లోపు, 2021లో ఇరవైవేల లోపు కట్టినవారికి చెల్లించింది. అంతకంటే ఎక్కువ కట్టినవాళ్ళు ఎదురుచూస్తూ ఉండిపోయారు.

మా వీధికి కూరలు తెచ్చే ఆవిడ వేరే ఓ చిన్న కంపెనీలో డబ్బు పోగొట్టుకుంది. ఏమీ అడగలేదా అంటే, “ఎరిగున్నోడే కదమ్మా, కాయితం ఇచ్చినాడు. ఇంకేటడుగుతాం?” అంది. ఆ మాట నన్ను వదల్లేదు. వంకాయలు నాలుగు పక్కలా తిప్పి చూసి గానీ కొనం. మరి ఏళ్ళ తరబడి దాచుకున్న డబ్బు ఇచ్చేటప్పుడు మొహమాటం దేనికి?

సుచేత అడిగినవి పెద్ద చదువులు కావలసిన ప్రశ్నలేం కావు. డబ్బు ఎక్కడికి వెళ్ళింది? కాగితం వెనక ఏముంది? మనం కూడా అవే అడగాలి. డిపాజిట్ తీసుకోవడానికి మీకు అనుమతి ఎవరిచ్చారు? చిట్టీ అయితే రిజిస్టర్ అయిందా? బ్యాంకు కంటే అంత ఎక్కువ వడ్డీ ఎక్కడినుంచి తెస్తారు? అనుమతి లేని డిపాజిట్ పథకాలు నేరమని 2019లో చట్టమే వచ్చింది. రిజర్వు బ్యాంకు వారి ‘సచేత్’ వెబ్‌సైటులో కంపెనీ వివరాలు చూడొచ్చు, ఫిర్యాదు కూడా చేయొచ్చు.

డబ్బు అడగడానికి వచ్చింది మేనమామే అయినా సరే, ముందు కాఫీ ఇవ్వండి. తర్వాత ఈ ప్రశ్నలన్నీ అడగండి. నిజాయితీ ఉన్నవాళ్ళు కోప్పడరు. కోప్పడితే, మీకు జవాబు దొరికినట్టే.