పేరేమని పెట్టేది?

ఒక్క మాటయినా లేని సంగీతం గురించి తెలుగు గోడపత్రికలో రాస్తానంటే మా బెంచీలోనే నవ్వినారు. అయినా రాస్తున్నా. ఎందుకంటే ఆ ఆల్బంను అంకితమిచ్చింది ఇద్దరికి. ఒకరు జర్మనీ బాఖ్. ఇంకొకరు మన త్యాగయ్య. చుట్టూ తమిళం వినబడే తిరువయ్యారులో కూర్చొని తెలుగులో కీర్తనలు కట్టినాయన. ఆయన సంగతి పెరియకుళం తెలుగిళ్ల పిల్లలకు విడమరచి చెప్పాలా?

1986లో వచ్చిన ఆ ఆల్బం ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’. ఆయన ఊరు పణ్ణైపురం మన తేని జిల్లాలోదే. అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి, మద్రాసులో ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చి, 1976లో ‘అన్నక్కిళి’తో సంగీత దర్శకుడైనారు. పదేళ్లకు క్షణం తీరికలేదు. ‘సాగరసంగమం’, ‘సింధుభైరవి’ రెండింటికీ జాతీయ అవార్డులొచ్చేసినాయి. మరి సినిమాతో పనిలేని ఈ ఆల్బం ఎందుకు?

సినిమా పాటకు సన్నివేశం ఉంటుంది, డైరెక్టరుంటాడు, నాలుగైదు నిమిషాల గడువుంటుంది. వయొలిన్లు పల్లవికీ చరణానికీ మధ్య సందులోనే తమ మాట చెప్పుకోవాల. ఆయన ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసింది ఆ సందులోనే. ఈ ఆల్బంలో ఆ సందే ఇల్లయింది.

చిక్కు ఎక్కడంటే, మనది ఒకే దారిలో నడిచే సంగీతం. స్వరం నిలకడగా ఉండదు, గమకంతో ఊగుతుంది, జారుతుంది. వాళ్లది పక్కపక్కనే నాలుగు దారులు; ఒక దారిలో స్వరం ఊగితే మిగతావాటితో పొందిక చెడుతుంది. వాళ్ల ఫ్యూగ్ అనేది మా ఇంట్లో గొడవలాంటిది: అవ్వ ఎత్తుకున్న మాటనే అమ్మ అందుకుంటుంది, అవ్వ ఆపదు, అంతలో అత్త అదే మాటతో దిగుతుంది. అయినా అన్నీ వినబడాల! గమకం పోకుండా ఇది చేయాలంటే ప్రతి గొంతుకూ దారి ముందే గీసిపెట్టాల. అట్లా గీసి, వి.ఎస్.నరసింహన్ వయొలిన్ చేతికిచ్చినారు.

1988లో హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో ‘నథింగ్ బట్ విండ్’ వచ్చింది. వినడానికి అదే హాయి. నాకు మాత్రం మొదటిదే ఇష్టం, దాంట్లో పెనుగులాట వినబడుతుంది. అదే ఏడాది ‘రుద్రవీణ’కూ జాతీయ అవార్డు. 2025 మార్చి 8న లండన్‌లో ఆయన సింఫనీ ‘వాలియంట్’ వాయించినప్పుడు అందరూ కొత్త అడుగన్నారు. నాకైతే ఆ దారి 1986లోనే పడిందనిపించింది.

ఒకరోజు ఫోన్లో ‘ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్’ పెట్టినాను. బాఖ్ వయొలిన్ పార్టిటా ఒకటి అందులో కలిసి ఉంది. బాఖ్ పోయిన 17 ఏళ్లకు పుట్టినాడు త్యాగయ్య. ఇద్దరూ కలిసే వీలే లేదు. ఇవేవీ తెలీని మా అవ్వ బియ్యం ఏరుతూ, “ఎవురో ఇద్దరు మాట్లాడుకుంటా ఉండారు కదే?” అనింది.

ఆ వెంటనే వచ్చే పాట పేరు ‘అండ్ వి హ్యాడ్ ఎ టాక్’. అంటే, ‘మేం మాట్లాడుకున్నాం’.