పాత డిజిటల్ పియానో కొనేముందు తెలుసుకోవాల్సిన విశేషాలు

శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల, కందుకూరు లాంటి ఊళ్లలో పిల్లలకు పియానో నేర్పించాలనుకునే తల్లిదండ్రులకు వాడిన డిజిటల్ పియానో మంచి ఆరంభం. అయితే కంపెనీ పేరు, స్వరాల జాబితా కన్నా ముందు చూడాల్సింది మెట్లను.

◆ హార్మోనియం మెట్టును మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా ధ్వని మారదు. హెచ్చుతగ్గులన్నీ తిత్తి ఊదడంలోనే ఉంటాయి. పియానోలో ఆ పని వేలిదే. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలొమియో క్రిస్టొఫొరీ 1700 ప్రాంతంలో ఈ వాయిద్యాన్ని రూపొందించాడు. ఆయన 1720లో చేసిన పియానో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో నేటికీ ఉంది. డిజిటల్ పియానోలో మెట్టు కింది సెన్సర్లు వేలి వేగాన్ని కొలిచి ధ్వనిని పెంచుతాయి, తగ్గిస్తాయి.

◆ పూర్తి పియానోకు 88 మెట్లు: తెల్లవి 52, నల్లవి 36. తొలి పాఠాలకు 61 మెట్ల కీబోర్డు సరిపోతుంది. కానీ దాని మెట్లు సాధారణంగా తేలిగ్గా ఉంటాయి. అసలు పియానోలో తీగలను కొట్టే సుత్తుల బరువును అనుకరించే డిజిటల్ పియానోలో ఎడమవైపు మెట్లు కాస్త బరువుగా, కుడివైపువి తేలిగ్గా ఉంటాయి. అసలు పియానో తీరు అదే. వేళ్లకు మొదటి నుంచీ ఆ బరువు అలవాటైతే మేలు.

◆ అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుంటారా? ఉదాహరణకు యమహా పి-45 అనే డిజిటల్ పియానో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే దాదాపు 177 సెంటీమీటర్లు, అదీ పెట్టె లేకుండా. చాలా విమానయాన సంస్థలు ఒక లగేజీకి పెట్టే హద్దు 158. బరువు 11.5 కిలోలే అయినా సైజు దాటుతుంది. టికెట్ కొన్న సంస్థను ముందే అడగాలి.

◆ అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టర్ మీద ‘100–240’ అని ఉంటే భయం లేదు, పిన్ను మారిస్తే చాలు. ‘120’ మాత్రమే ఉంటే నేరుగా మన ప్లగ్గులో పెట్టకూడదు, కాలిపోతుంది. అడాప్టర్ లేని క్యాబినెట్ పియానోకైతే వెనకున్న చీటీ చదవాలి.

◆ పాలీఫనీ అంటే ఒకేసారి మోగగల స్వరాల సంఖ్య. పి-45కి 64, రోలాండ్ ఎఫ్‌పి-10కి 96, యమహా పి-125కి 192. పెడల్ తొక్కి ఉంచితే పాత స్వరాలు ఆగకుండా కొత్తవాటితో కలుస్తాయి, అప్పుడు ఈ సంఖ్య అక్కరకొస్తుంది. కొత్తగా నేర్చేవారికి 64 చాలు.

◆ పియానో మెట్టుకు ఒకే స్వరస్థానం. గమకం పలకాలంటే స్వరాన్ని వంచే చక్రం కావాలి. అది చాలా కీబోర్డుల్లో ఉంటుంది, పి-45 లాంటి పియానోల్లో ఉండదు. కర్ణాటక సంగీతమే మీ దారైతే కీబోర్డే సరైన ఎంపిక.

◆ లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడ్ పరీక్షల్లో పియానోకు, ఎలక్ట్రానిక్ కీబోర్డుకు పాఠ్యప్రణాళికలు వేర్వేరు. పిల్లలు ఏ పరీక్ష రాయబోతున్నారో గురువుగారిని అడిగాకే బేరం మొదలుపెట్టండి.

◆ అసలు పియానోలో 200కు పైగా తీగలు. ఎండకు, వానకు శ్రుతి తప్పుతాయి, ట్యూనర్‌ను పిలవాలి. డిజిటల్‌కు ఆ బాధ లేదు. దాని శత్రువు దుమ్ము. వాయించనప్పుడు గుడ్డ కప్పి ఉంచాలి.

◆ కొనే ముందు ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా ప్రతి మెట్టునూ మూడుసార్లు నొక్కండి: మెల్లగా, మామూలుగా, గట్టిగా. ఒక మెట్టు హఠాత్తుగా అరిచినా, మూగబోయినా లోపలి రబ్బరు కాంటాక్టులో దుమ్ము చేరి ఉండొచ్చు, అరిగి ఉండొచ్చు. బాగుచేయాలంటే పియానో విప్పాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. హెడ్‌ఫోన్ పెట్టి రెండు చెవుల్లోనూ వినండి, పెడల్ తొక్కి చూడండి. 88 మెట్లూ ఒకే తీరుగా బదులిస్తే, పైన గీతలున్నా, మోడల్ పాతదైనా అది కొనదగిన పియానోనే.