పెరట్లో మట్టి కుప్పలు: తవ్వింది మోల్ కాదు, మన పందికొక్కే

హోసూరులోనైనా బరంపురంలోనైనా తెల్లవారేసరికి పెరట్లో తాజా మట్టి కుప్పలు కనిపిస్తే, ఇంట్లో పిల్లలు ఫోనులో వెతికి ‘మోల్’ అని తేల్చేస్తారు. అందులో చెప్పే చిట్కాలూ మోల్‌కి సంబంధించినవే. దక్షిణ భారతంలో మోల్ లేదు. మన దేశంలో అది తూర్పు హిమాలయాల్లో, ఈశాన్య కొండల్లో ఉండే జంతువు.

మోల్ అసలు ఎలుకే కాదు. ఇంట్లో తిరిగే కంపు చుంచెలుకకు చుట్టం. వెడల్పాటి అరచేతులతో మట్టిని పక్కకు నెట్టుకుంటూ పోతుంది. తిండి వానపాములు, పురుగులు. గింజ ముట్టదు.

పందికొక్కు సంగతి వేరు. పెద్ద రకం కిలో దాటి తూగుతుంది. పొలానికి ఎక్కువ నష్టం మాత్రం చిన్న రకంతోనే. పళ్లతో కొరికి, కాళ్లతో మట్టిని వెనక్కి తోస్తూ గట్టు కింద కొమ్మలుగా చీలిన బొరియ తవ్వుతుంది. పడుకోవడానికి ఒక గది, ధాన్యానికి వేరే గదులు. వరి పండే రోజుల్లో వెన్నులు కొరికి లోపలికి లాక్కుపోతుంది. పగలు ద్వారాన్ని మట్టితో మూసేసుకుంటుంది. అపాయం వస్తే పారిపోవడానికి పల్చటి మట్టిపొర కింద దొడ్డిదారి కూడా ఉంచుకుంటుంది. తల్లీపిల్లలు తప్ప మామూలుగా కలుగుకు ఒకటే ఉంటుంది. బొరియలు తవ్వి ఆ ధాన్యాన్ని బయటికి తీసే విద్య నెల్లూరు వైపు యానాదులకు, తమిళనాట ఇరుళర్లకు తరతరాలుగా తెలుసు.

తమిళంలో దీన్ని పెరుచ్చాళి అంటారు, కన్నడంలో హెగ్గణ, మరాఠీలో ఘూస్. ఇంగ్లీషువాళ్లు మాత్రం మన తెలుగు మాటనే తీసుకుని ‘బాండికూట్’ చేసుకున్నారు. ఆ పేరే తర్వాత ఆస్ట్రేలియాలో ఏ సంబంధమూ లేని ఒక సంచి జంతువుకు అంటింది! మాట మనదే, మన పిల్లలకే తెలియడం లేదు.

ఇక పని సంగతి. సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసేయండి. పొద్దున తెరుచుకున్న వాటిలోనే పందికొక్కు ఉన్నట్టు. బోను అక్కడే పెట్టండి. పొలం గట్లు సన్నగా ఉంచితే దానికి తవ్వుకునే చోటు తగ్గుతుంది. తడి మట్టిలో చేతులకు తొడుగులు లేకుండా దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీరు చిన్న గాయం తగిలినా లోపలికి చేరి లెప్టోస్పైరోసిస్ జ్వరం తెస్తుంది. బోనులో చుంచెలుక పడితే వదిలేయండి, అది తినేది బొద్దింకల్నీ పురుగుల్నే.