న్యాయస్థానపు ఆజ్ఞ – అధికారి విధి

కడప జిల్లాలో జమ్మలమడుగునకు పడమట సుమారు 15 కిలోమీటర్ల దూరమున పెన్నానది ఎఱ్ఱమల కొండలను నిలువునా కోసికొని ప్రవహించుచున్నది. ఆ గండి అంచున ఎఱ్ఱరాతి ప్రాకారములతో నిలిచినదే గండికోట. పెమ్మసాని నాయకు లేలిన ఆ కోటలో మాధవస్వామి ఆలయమును, జామియా మసీదును, పెద్ద ధాన్యపుకొట్టును చూచుటకు యాత్రికులు దూరప్రాంతములనుండి వత్తురు. మన మీ పాఠమున ఆ కట్టడములను గూర్చి గాక, 1652వ సంవత్సరమున ఆ కోట చెంత జరిగిన యొక విచారణను గూర్చి ముందుగా తెలిసికొందము.

ఆ యేటనే గోలకొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టుకొనెను. సెప్టెంబరు మాసమున టావెర్నియర్ అను ఫ్రెంచి రత్నవర్తకుడు తన సరకు చూపుటకై ఆయన డేరాకు వచ్చెను. అచట తాను కన్నదానిని ఆయన తన యాత్రాగ్రంథమున వ్రాసియుంచెను. నవాబు నేలపై కూర్చుండి, వచ్చిన జాబులను కాలివ్రేళ్ల సందులయందును, ఎడమచేతి వ్రేళ్ల నడుమను ఇఱికించుకొని, ఒక్కొక్కదానికి బదులు చెప్పి వ్రాయించుచుండెను. ఇంతలో నలుగురు నేరస్థులను తెచ్చి వాకిట నిలిపిరి. నవాబు కొంతసేపు తన జాబుల పని చూచుకొని, పిమ్మట వారిని లోనికి రప్పించి, ప్రశ్నించి, తప్పును వారి నోటనే ఒప్పించి, ఘోరమైన శిక్షలు విధించెను. ఒక యింట జొరబడి తల్లిని, ముగ్గురు బిడ్డలను చంపినవానికి కాలుసేతులు నఱికించెను, తక్కినవారికిని మరణమే. ఆ శిక్షలు జరుగుచుండగానే భోజనము వచ్చినది! నేడు కోటలో జైలు అని చూపెడి కట్టడ మొకటి కలదు గాని, నేరస్థులను నిలువయుంచుట ఈ దేశపు వాడుక కాదనియు, పట్టినవెంటనే విచారించి శిక్షింతురనియు టావెర్నియర్ వ్రాసెను.

ఆ డేరాలో సేనానియు, పాలకుడును, న్యాయాధిపతియు ఒక్కడే. ఆయన నోట మాట వెలువడుటయు, అది నెరవేరుటయు ఒక్క క్షణమున జరిగినవి. తీర్పును అధికారి పాటింపవలెనా, మానవలెనా అను ప్రశ్న అచట పుట్టనేలేదు. వాయిదాలతో విసిగిన మన పెద్దలు కొందఱు, అట్టి దొర యొకడు నేడును ఉండిన బాగుండునని అనుట మీరు వినియుందురు. కాని ఆ దొరయే ఒకని పొలమును అన్యాయముగా లాగికొనినచో ఆ పేద యెవరికి మొఱపెట్టుకొనవలెను? గండికోట డేరాలో ఆ ప్రశ్నకు సమాధానము లేదు.

1800లో నైజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. థామస్ మన్రో 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా ఉండెను. ఆయన న్యాయశాఖను సంస్కరింప నియమింపబడినపుడు, 1816 నాటి నిబంధనలచే పోలీసును, మేజిస్ట్రేటు అధికారమును జిల్లా జడ్జినుండి తీసి కలెక్టరున కిచ్చిరి. పన్ను వసూలు చేయు చేయియే నేరమును విచారించు చేయి కూడ నయ్యెను. స్వతంత్ర భారత రాజ్యాంగము ఈ పద్ధతిని అంగీకరింపలేదు. ప్రభుత్వోద్యోగములయందు న్యాయశాఖను కార్యనిర్వాహకశాఖనుండి వేఱుచేయవలెనని 50వ అధికరణము ఆదేశించినది. 1974 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చిన క్రిమినల్ ప్రొసీజరు కోడుతో ఆ వేర్పాటు చాలవరకు పూర్తియైనది.

వేఱుచేయుటతో ఒక క్రొత్త చిక్కు వచ్చినది. న్యాయమూర్తికి సైన్యము లేదు, ఖజానా లేదు. గుడిసెలు కూల్చరాదని హైకోర్టు వ్రాసినను, ఆ గుడిసెల యెదుట నిలుచువాడు తహశీలుదారుడు. పరిహార మీయవలెనని వ్రాసినను, బిల్లు మంజూరు చేయువాడు కలెక్టరు. వారు పాటింపనిచో తీర్పు కాగితముగానే మిగిలిపోవును. అందుచేతనే దేశమునందలి అధికారు లందఱును సుప్రీంకోర్టునకు సహాయముగా వర్తింపవలెనని 144వ అధికరణము శాసించినది. తమ్ము ధిక్కరించినవారిని శిక్షించు అధికారమును 129వ అధికరణము సుప్రీంకోర్టునకును, 215వ అధికరణము హైకోర్టులకును ఇచ్చినవి. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టము ప్రకారము ఆ శిక్ష ఆఱు నెలల వఱకు సాధారణ ఖైదు, లేక 2,000 రూపాయల వఱకు జరిమానా, లేక రెండును. ఆజ్ఞను తెలిసి, బుద్ధిపూర్వకముగా మీఱినపుడే అది ధిక్కార మగును. చేతగాక మీఱినది వేఱు, చేయగలిగియు మీఱినది వేఱు.

గుంటూరు జిల్లాలో జరిగిన యొక సంగతి ఈ భేదమును చక్కగా తెలుపును. అచట ప్రభుత్వభూమిలో గుడిసెలు వేసికొన్నవారు హైకోర్టు నాశ్రయింపగా, ఆ గుడిసెలను తొలగింపరాదని 2013 డిసెంబరులో ఆజ్ఞ వెలువడెను. అయినను 2014 జనవరిలో తహశీలుదారు పోలీసుల సహాయముతో వానిని కూల్పించెను. ఆయనకు ఆజ్ఞ తెలియదా? తెలియును. ఆ భూమి ప్రభుత్వమునదే గనుక తన పని న్యాయమే యని ఆయన తలంచియుండవచ్చును. అట్లయినచో ఆ మాటను హైకోర్టులోనే చెప్పవలసినది. చెప్పక, యంత్రమును తోలెను. హైకోర్టు ఆయనకు రెండు నెలల ఖైదు విధించెను. వ్యవహారము సుప్రీంకోర్టునకు పోవునప్పటికి ఆయన డిప్యూటీ కలెక్టరై యుండెను. 2025 మే మాసమున జస్టిస్ బి. ఆర్. గవాయి, జస్టిస్ అగస్టీన్ జార్జి మసీహ్ గారలు ఖైదును తీసివేసి, ఆయనను మరల తహశీలుదారు పదవికి దింపి, లక్ష రూపాయల జరిమానా విధించిరి. ఖైదుకు పోయిన అధికారి ఉద్యోగమునే కోల్పోవును. అపు డాయన భార్యాబిడ్డలు కష్టముల పాలగుదురని వారు కనికరించిరి. ఆ గుడిసెలలోను బిడ్డలుండిరను మాటను కూడ ధర్మాసనము ఆ అధికారికి జ్ఞాపకము చేయకపోలేదు.

రెండవ సంగతి మీ వంటి విద్యార్థులకు సంబంధించినది. ఆంధ్రప్రదేశమున ప్రభుత్వ పాఠశాలల ఆవరణలలో గ్రామ సచివాలయములను, రైతు భరోసా కేంద్రములను కట్టుచుండగా, అట్లు కట్టరాదని 2020 జూనులో హైకోర్టు ఆదేశించెను. సచివాలయము ఊరికి ఉపయోగకరమైనదే, కాదనలేము. కాని పిల్లలు ఆడుకొను జాగాను దానికై తీసికొనుట యేల? ఊరిలో వేఱు స్థలము వెదకుట కష్టము, బడి జాగా సులభము. అంతకంటె వేఱు కారణము నాకు తోచదు. ఆదేశము వచ్చిన పిమ్మటను కట్టుబడి పనులు సాగినవి. కట్టినవానిని తొలగించుటయు జరుగలేదు. 2022 మార్చి 31న జస్టిస్ బట్టు దేవానంద్ గారు ఎనమండుగురు ఐ. ఏ. ఎస్. అధికారులకు రెండేసి వారముల ఖైదు విధించిరి. వారు క్షమాపణ కోరగా ఆ శిక్షను మార్చి, ఒక్కొక్కరు పండ్రెండు నెలలపాటు నెల కొక ఆదివారము సంక్షేమ వసతిగృహమునకు పోయి, విద్యార్థులతో గడపి సేవ చేయవలెనని ఆజ్ఞాపించిరి. ఇట్టి శిక్షలపై అప్పీలు చేసికొను హక్కు అధికారులకు చట్టమే యిచ్చినదని కూడ గుర్తింపవలెను.

ఇక తీర్పే తప్పని అధికారికి తోచినచో? న్యాయమూర్తులును మనుష్యులే; పొరబడవచ్చును. చట్టము ఈ సంగతిని ఎఱిగియే త్రోవలు ఏర్పఱచినది. అదే న్యాయస్థానమును పునర్విచారణ కోరవచ్చును. పై న్యాయస్థానమునకు అప్పీలు చేయవచ్చును. ఆజ్ఞ అమలు జరుగకుండ నిలుపుమని స్టే అడుగవచ్చును. గడువు చాలనిచో గడువు కోరవచ్చును. మాట స్పష్టముగా లేనిచో వివరణ కోరవచ్చును. రెండు కోర్టుల ఆజ్ఞలు ఒకదాని నొకటి అడ్డగించుచున్నచో రెంటిని చూపి దారి యడుగవచ్చును. ఇచట అనేకులు చేయు పొరపా టొకటి కలదు. అప్పీలు వేసితిమి గదా యని ఊరకుందురు. అప్పీలు వేసినంతమాత్రమున తీర్పు నిలిచిపోదు. స్టే వచ్చువఱకు అది పాటింపవలసినదే. ఆ కోర్టునకు ఈ విషయమున అధికారమే లేదని అధికారి నమ్మినను, ఆ మాట నిర్ణయింపవలసినది మరల న్యాయస్థానమే గాని ఆయన కాదు.

మీదివారు నోటిమాటగా వలదనిరని చెప్పుకొనుటయు అధికారికి రక్షణ కాదు. నిజముగా ఎదిరించి నిలువవలసిన సమయము ఆయనకు వచ్చినచో అది సాధారణముగ ఇచటనే వచ్చును. కోర్టు ఆజ్ఞను మీఱుమని పైయధికారి గాని, మంత్రి గాని చెప్పినపుడు, ఆ మాటను వ్రాతమూలముగ నీయుమని అడిగి, కాదనుటకు చాలినంత ధైర్యము కావలెను. బదిలీ యగునేమో యను భయము చిన్నది కాదు. తీర్పును ధిక్కరించుటకంటె దీనికే యెక్కువ గుండె కావలయును.

ప్రభుత్వమునకు మఱియొక మార్గము కూడ కలదు: చట్టమునే మార్చుట. కడప, కర్నూలు జిల్లాలు మద్రాసు రాష్ట్రమున ఉన్న దినములలో వైద్య, ఇంజనీరింగు కళాశాలల సీట్లను కులమతముల ననుసరించి పంచు ప్రభుత్వోత్తరు వొకటి అమలునం దుండెను. చంపకం దొరైరాజన్ అను నామె దానిపై హైకోర్టునకు పోయెను. ఆ ఉత్తరువు రాజ్యాంగవిరుద్ధమని హైకోర్టు కొట్టివేయగా, 1951 ఏప్రిలు 9న సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపఱచెను. వెనుకబడినవారికి తలుపులు మూసికొనిపోవునని అనేకులు ఆందోళన చెందిరి. అయినను తీర్పు చెల్లదనుచు పాత పద్ధతినే సాగింపుడని కళాశాలలకు చెప్పుట పరిష్కారము కాలేదు. పార్లమెంటు చర్చించి, అదే సంవత్సరము జూను 18న రాజ్యాంగపు మొదటి సవరణను చేసి, వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేయుటకు వీలు కల్పించినది.

అమెరికాలో దీనికి విరుద్ధముగా జరిగినది. నల్లజాతి పిల్లలను తెల్లవారి బడులలో చేర్చుకొనవలెనని న్యాయస్థానము చెప్పియుండగా, 1957 సెప్టెంబరులో ఆర్కన్సా గవర్నరు ఫాబస్ లిటిల్ రాక్ పట్టణమున తొమ్మిదిమంది విద్యార్థులను సైనికులచే అడ్డగించెను. తుదకు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తన సేనను పంపి, వారిని బడిలోనికి నడిపింపవలసివచ్చెను. వారు మీకంటె కొంచెము పెద్దవారు మాత్రమే.

పై ఉదాహరణములన్నిటను న్యాయ మెటు వైపున్నదో చెప్పుట సులభము. అంత సులభము కానిదొకటి మన గండికోటకే సమీపమున నున్నది. కోట క్రింద పెన్నపై కట్టిన జలాశయము 26.85 టి. ఎం. సి. ల నీటిని నిలుపగలదు. ఆ నీరు పెన్న ఒక్కటియే ఇచ్చునది కాదు. శ్రీశైలమునుండి పోతిరెడ్డిపాడు మీదుగా కాలువలలోను, సొరంగములలోను రావలెను. శ్రీశైలమున నీటిమట్టము తగ్గినపుడు ఆ దారి ఎండును. కావున 800 అడుగుల మట్టమునుండియు దినమునకు 3 టి. ఎం. సి. ల నీటిని ఎత్తిపోయుటకు, అప్పటి కర్నూలు జిల్లాలోని సంగమేశ్వరము వద్ద రాయలసీమ ఎత్తిపోతల పథకమును ప్రభుత్వము 2020 మే నెలలో తలపెట్టినది. తెలంగాణకు చెందిన యొక రైతు పర్యావరణ అనుమతి లేదని జాతీయ హరిత ట్రిబ్యునలునకు ఫిర్యాదు చేసెను. అనుమతి పొందక పనులు సాగింపరాదని ట్రిబ్యునలు అదే సంవత్సరము అక్టోబరు 29న ఆదేశించెను. పనులు జరుగుచునే యున్నవని మరల ఫిర్యాదు వచ్చెను. సవివర నివేదిక తయారుచేయుటకు వలసిన పనులే చేయుచున్నామని ప్రభుత్వము బదులు చెప్పెను. ఆజ్ఞ మీఱినట్లు తేలినచో ప్రధాన కార్యదర్శినే జైలుకు పంపవలసి వచ్చునని 2021 జూనులో ట్రిబ్యునలు హెచ్చరించెను. ఆగస్టులో కృష్ణానది యాజమాన్య బోర్డు వారు స్థలమును చూచివచ్చిరి. నివేదికకు వలసినంతకంటె ఎక్కువ పని జరిగినట్లు వారు తెలిపిరి. డిసెంబరు 17న ట్రిబ్యునలు, అనుమతి లేక ముందుకు సాగరాదని తిరిగి చెప్పెను.

కరవు చూచిన సీమవాసికి ఈ వృత్తాంతము చేదుగానే యుండును. ఎండిన బావిని ప్రతి వేసవియందు చూచువాని యెదుట అనుమతి పత్రముల ప్రస్తావన చేయుట నాకును కష్టముగానే యున్నది. ఆ పనిని నడిపిన ఇంజనీరులలో ఎందఱో ఈ సీమ దాహమును ఎఱిగినవారే యైయుందురు. కాని నది ఎగువనున్న రైతును ఇట్టివాడే. అతని పొలమునకు నీరు తగ్గునో తగ్గదో తేల్చు తావు ఆ ట్రిబ్యునలే. మన అవసరము గొప్పదని మన అధికారులు ఆజ్ఞను మీఱినచో, రేపు తన అవసరమే గొప్పదని ఎగువవారి అధికారియు మీఱును. అపుడు దిగువనున్న మన కాలువకు రక్షణ యేది?

గండికోట జలాశయమే దీనికి మఱియొక ముఖమును చూపుచున్నది. 2020లో అందు నీటిమట్టమును పెంచినపుడు కొండాపురము మండలమునందలి తాళ్లప్రొద్దుటూరు మునిగినది. పరిహారము పూర్తిగా అందకుండ ఇండ్లు విడువజాలమని ఆ గ్రామస్థులు ఆందోళన చేసిరి. సీమకు నీరు కావలెనన్నది నిజమే. ఆ నీటిక్రింద తమ యిల్లు పోయినదన్నదియు నిజమే. అట్టివాడు పట్టాపుస్తకమును, రేషను కార్డును సంచిలో పెట్టుకొని జిల్లా కోర్టునకో హైకోర్టునకో పోయి, ఒక ఆజ్ఞను సంపాదించి, దాని నకలుతో తిరిగి వచ్చి నిలుచునది తహశీలుదారు కార్యాలయపు వాకిటనే.