నాంపల్లి స్టేషన్ చుట్టూ ఒక పూట

మనం నాంపల్లి అని పిలిచే స్టేషన్‌కు రైల్వే వారు పెట్టిన పేరు హైదరాబాద్ దక్కన్. నిజాం కాలంలో, 1907లో కట్టారు. రైళ్లు ఇక్కడితో ఆగిపోతాయి. అందుకే ఇక్కడ దిగేవారిలో ఎక్కువమంది వైద్యం కోసమో, చదువు కోసమో, కోర్టు పని మీదో నగరానికే వచ్చినవారు. వారికి ఆసరా ఇచ్చే సంస్థలు కూడా స్టేషన్ చుట్టుపక్కలే, కిలోమీటరు అటూ ఇటూగా ఉన్నాయి. చార్మినార్, గోల్కొండ చూపించినట్టే పిల్లలకు ఈ పేటను కూడా చూపించాలి.

స్టేషన్ దగ్గరలోనే అనాథ పిల్లల ఆశ్రమం అనీస్-ఉల్-గుర్బా ఉంది. ఆ పేరుకు పేదల నేస్తం అని అర్థం. ఆ పేటలోనే యూసుఫైన్ దర్గా. ఔరంగజేబు సైన్యంతో దక్కన్‌కు వచ్చిన ఇద్దరు సూఫీల సమాధులు అక్కడున్నాయి. అన్ని మతాలవారూ వస్తారు, ఆకలిగొన్నవారికి అన్నం దొరుకుతుంది.

ఉత్తరానికి నడిస్తే హజ్ హౌస్, పబ్లిక్ గార్డెన్స్, ఆ పక్కనే శాసనసభ. ఈ తెల్లని భవనం మొదట టౌన్ హాలు. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా నలభయ్యవ పుట్టినరోజు గుర్తుగా ప్రజలు చందాలు వేసుకుని కట్టించారు. 1905లో పునాది పడింది, 1913లో పూర్తయింది.

దక్షిణాన ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. నుమాయిష్‌ను 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు. 1946లో అది ఈ మైదానానికి మారింది. మనం కొనే టికెట్ డబ్బు వినోదంతో అయిపోదు. ఎగ్జిబిషన్ సొసైటీ ఆ ఆదాయంతో విద్యాసంస్థలు నడుపుతోంది. ఆడపిల్లల కోసం కమలా నెహ్రూ పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ ఆ ఆవరణలోనే ఉన్నాయి. ఒకసారి ఇచ్చి ఊరుకోకుండా, ఏటా ఆదాయం వచ్చే ఏర్పాటు చేస్తే దానం ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

ఇక రెడ్‌హిల్స్ వైపు వెళ్లాలి. ప్రసవ సమయంలో తన పరిచారిక చనిపోయిందన్న బాధతో నిలోఫర్ రాకుమారి తలపెట్టిన ఆసుపత్రి 1953లో తెరుచుకుంది. అక్కడికి దగ్గరలోనే మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. జిల్లాల నుంచి వచ్చే పేదలకు ఈ రెండూ పెద్ద దిక్కు. రోగికి మంచం దొరుకుతుంది. తోడు వచ్చిన తల్లికో, అన్నకో పూట భోజనం, రాత్రి తల దాచుకునే చోటు, మందుల చీటీ చదివి చెప్పే మనిషి కావాలి. వైద్యం వారాల తరబడి సాగితే ఈ ఖర్చుకు తట్టుకోలేక మధ్యలోనే ఊరికి తిరిగి వెళ్లేవారున్నారు.

దాతలకు నా మనవి ఒక్కటే. ఈ సెలవుల్లో మీ పిల్లలను వెంటబెట్టుకుని ఈ దారిన నడవండి. ప్రతి గేటు ముందూ ఆగి, "దీన్ని ఎవరు కట్టారు? ఈరోజు దీన్ని ఎవరు నడుపుతున్నారు?" అని వారినే అడగండి. కట్టినవారి పేర్లు గోడ మీద కనిపిస్తాయి. పేరు రాయించుకోని చిన్న చిన్న చందాలు మాత్రం ఏ గోడ మీదా కనిపించవు.