క్షయవ్యాధిలో మాక్రోఫేజ్‌ల పాత్ర

మాక్రోఫేజ్‌లు లేదా స్థూలభక్షక కణాలు రోగనిరోధక వ్యవస్థకు చెందిన కణాలు. శరీరంలో ప్రవేశించిన సూక్ష్మజీవులను, మృతకణాలను మింగి జీర్ణం చేయడం వీటి ముఖ్యమైన పని. అయితే క్షయవ్యాధిని కలిగించే మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ అనే బాక్టీరియా, తనను చంపవలసిన ఈ కణాలలోనే నివాసం ఏర్పరచుకొంటుంది. ఈ వ్యాధి కొందరిలో ఏళ్ళ తరబడి దాగి ఉండడానికి ఇది ఒక ప్రధాన కారణం.

చరిత్ర

1882 మార్చి 24న రాబర్ట్ కాఖ్ బెర్లిన్ నగరంలో క్షయ బాక్టీరియాను కనుగొన్నట్లు ప్రకటించాడు. అదే సంవత్సరం ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ అనే జంతుశాస్త్రవేత్త పారదర్శకమైన నక్షత్రచేప డింభకాలలో ముళ్ళు గుచ్చి, మరునాటికి వాటి చుట్టూ సంచార కణాలు గుమికూడి ఉండడం గమనించాడు. భక్షక కణాల సిద్ధాంతానికి ఇదే నాంది. ఇందుకుగాను ఆయన 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

బాక్టీరియా తప్పించుకొనే విధానం

రోగి దగ్గినప్పుడు వెలువడే సూక్ష్మమైన తుంపరల ద్వారా బాక్టీరియా ఇతరుల ఊపిరితిత్తులలోని వాయుగోణులను చేరుతుంది. అక్కడి మాక్రోఫేజ్ దానిని మింగి, ఫాగోసోమ్ అనే తిత్తిలో బంధిస్తుంది. సాధారణంగా ఈ తిత్తి జీర్ణరసాలు గల లైసోసోమ్‌తో కలిసిపోగా లోపలి సూక్ష్మజీవి నశిస్తుంది. సజీవ క్షయ బాక్టీరియా ఈ కలయికను అడ్డుకొంటుందని ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ 1971లో చూపారు. ఆ విధంగా అది కణంలోనే వృద్ధి చెందుతుంది.

టి-కణాల సహాయం

కొన్ని వారాల తరువాత సీడీ4 టి-కణాలు అక్కడికి చేరి ఇంటర్‌ఫెరాన్-గామా అనే ప్రోటీనును విడుదల చేస్తాయి. దీనివలన మాక్రోఫేజ్‌ల సంహారశక్తి పెరుగుతుంది. ఈ కణాలన్నీ బాక్టీరియా చుట్టూ చేరి గ్రాన్యులోమా అనే గడ్డగా ఏర్పడతాయి. గ్రాన్యులోమా కేవలం రక్షణ కవచం కాదు. జీబ్రా చేప పిండాలపై జరిపిన పరిశోధనలో, తొలిదశలో అది బాక్టీరియా వ్యాప్తికి తోడ్పడుతున్నట్లు 2009లో వెల్లడయింది.

రక్షణ సడలినప్పుడు

బాక్టీరియా సోకిన వారిలో సుమారు 5 నుండి 10 శాతం మందికి మాత్రమే జీవితకాలంలో వ్యాధి వస్తుంది. హెచ్.ఐ.వి. సీడీ4 కణాలను నాశనం చేస్తుంది కనుక, ఆ వైరస్ సోకిన వారిలో ఈ ప్రమాదం ఎన్నో రెట్లు అధికం. కీళ్ళవాతానికి వాడే టీఎన్ఎఫ్ నిరోధక మందుల వలన కూడా దాగి ఉన్న క్షయ బయటపడవచ్చని 2001లో గుర్తించారు. అందువలన ఆ మందులు ఆరంభించే ముందు క్షయ పరీక్ష చేస్తారు.

నిర్ధారణ, టీకా, చికిత్స

మాంటూ పరీక్ష బాక్టీరియాను నేరుగా చూపదు. దానిని ఎదుర్కొన్న టి-కణాల జ్ఞాపకాన్ని మాత్రమే తెలుపుతుంది. కనుక దాగి ఉన్న సోకుడుకు, చురుకైన వ్యాధికి గల భేదం దీని ద్వారా తెలియదు. 1921లో తొలిసారి మానవులకు ఇచ్చిన బీసీజీ టీకా పసిపిల్లలను తీవ్రమైన క్షయ రూపాల నుండి కాపాడుతుంది. కాని పెద్దలలో ఊపిరితిత్తుల క్షయను అరికట్టడంలో దాని ఫలితాలు ప్రాంతాన్ని బట్టి మారుతున్నాయి. తమిళనాడులోని చెంగల్పట్టులో 1968లో ప్రారంభమైన భారీ పరీక్షలో అటువంటి రక్షణ కనిపించలేదు.

చికిత్స సాధారణంగా ఆరు నెలలు సాగుతుంది. మందులు త్వరగా పెరుగుతున్న బాక్టీరియాను తొలి వారాలలోనే చాలావరకు చంపుతాయి. మందకొడిగా ఉన్నవి మాత్రం కణాలలోను, గడ్డలలోను మిగిలి ఉంటాయి. దగ్గు, జ్వరం తగ్గాయని మధ్యలో మందులు మానితే వ్యాధి తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని బాక్టీరియా కూడా పుట్టవచ్చు.